వార్డు సిస్టర్ నుంచి ఐసీఎన్ దాకా: నేర్పించడంలో నా అనుభవం

హైదరాబాద్‌లో చాలా ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, అంటే ఐసీఎన్, ఎలా పుట్టుకొస్తుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ అసెస్‌మెంట్ తేదీ ఖరారవుతుంది. ఐసీఎన్ ఎవరని అడుగుతారన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది. నడుం నొప్పితో నైట్లు చేయలేకపోతున్న సీనియర్ సిస్టర్‌ని ఆ కుర్చీలో కూర్చోబెడతారు. రెండు రోజుల వర్క్‌షాపుకు పంపి, సర్టిఫికెట్ ఫైల్లో పెట్టి, శిక్షణ అయిపోయిందంటారు. ఆ తర్వాత ఆమె ఏడాదంతా పోస్టర్లు అంటిస్తూ, హ్యాండ్‌వాష్ డే జరుపుతూ గడిపేస్తుంది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఆమెకు పని నేర్పినవాళ్లు లేరు.

నేర్పే వైపు ఉండి మాకు తేలిందేమిటంటే, ఈ ఉద్యోగానికి పునాది మైక్రోబయాలజీ పాఠం కాదు, లెక్క. ఒకే కేస్ షీటును ఇద్దరు విడివిడిగా చదివి ‘ఇది ఇన్ఫెక్షనే’, ‘ఇది కాదు’ అని ఒకే మాట చెప్పగలగాలి. ఆ లెక్క కుదిరాకే మిగతా శిక్షణకు విలువ.

ముందు ఎంతమంది కావాలన్నది. 250 పడకలకు ఒకరు అన్న పాత అంకె 1970ల్లో ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల మీద అమెరికాలో జరిగిన సెనిక్ అధ్యయనం నుంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు దాన్ని కనీసంగానే ఉంచి, వందకు ఒకరుంటే మేలని చెప్పాయి. మన ఐసీయూల్లో ఒక్కో పేషెంటుకు పెద్ద సిరలోకి వేసే ఒక సెంట్రల్ లైన్, ధమనిలోకి వేసే ఒక ఆర్టీరియల్ లైన్, ఒక ఫోలీ (మూత్రం తీసే ట్యూబు), పైన వెంటిలేటర్ ఉంటున్నప్పుడు ఒకరికి వంద పడకలు కూడా ఎక్కువే. సగం రోజు వార్డు డ్యూటీ, సగం రోజు ఐసీఎన్ పని అనే ఏర్పాటు మాత్రం ఎక్కడా నిలబడదు. వార్డులో ఒక సిస్టర్ సెలవు పెడితే ఆ సగం రోజూ పోతుంది.

ఎంపికలో మేం చూసేవి కొన్నే. కనీసం రెండు మూడేళ్ల ఐసీయూ అనుభవం ఉండాలి. కల్చర్ రిపోర్టు (శాంపిల్‌లో ఏ క్రిమి పెరిగిందో లాబ్ చెప్పేది) వస్తే ఫైల్లో గుచ్చేసి ఊరుకోకుండా చదివే అలవాటు ఉండాలి. తెలుగు, హిందీ రెండూ ధారాళంగా రావాలి. హౌస్‌కీపింగ్‌లో సగం మంది పాలమూరు నుంచో, సగం మంది ఒడిశా, బెంగాల్ నుంచో వచ్చినవాళ్లు. జర్మనీకి, యూకేకి, గల్ఫ్‌కి వెళ్లే ప్రయత్నంలో ఉన్నారా అని కూడా అడుగుతాం. ఉన్నా తీసుకుంటాం, కానీ పక్కనే ఇంకొకరిని తయారు చేస్తాం. ఒక్కరినే తయారు చేసి వీసా రాగానే మళ్లీ మొదటికి రావడం ఈ ఊళ్లో మామూలే.

మొదటి వారాలు లాబ్‌లో. వార్డులో ఏళ్లు పనిచేసిన సిస్టర్‌కి కూడా శాంపిల్ లాబ్‌కి చేరాక ఏమవుతుందో తెలియదు. బ్లడ్ కల్చర్ మెషీన్ కూత పెట్టగానే టెక్నీషియన్ పక్కన నిలబడి గ్రామ్ స్టెయిన్, అంటే రంగు వేసిన క్రిమిని మైక్రోస్కోపులో, చూడాలి. రెండు సెట్లలో ఒకే ఒక్క బాటిల్‌లో కోయాగ్యులేజ్ నెగటివ్ స్టాఫ్ అనే బ్యాక్టీరియా పెరిగితే అది చాలాసార్లు చర్మం మీద నుంచి వచ్చిందే. క్లోర్‌హెక్సిడిన్ రాసి అది ఆరేదాకా, అంటే 30 సెకన్లు, ఆగకుండా సూది గుచ్చడం వల్ల వస్తుంది. పెద్దవాళ్లకు ఒక్కో బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి. 3 మిల్లీలీటర్లు తీసి పంపితే ఉన్న క్రిమి కూడా దొరకదు. మొత్తం కల్చర్లలో ఇలా కలుషితమైనవి 3 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న ప్రమాణం.

యూరిన్ కల్చర్ దగ్గర ఇంకా ఘోరం. బ్యాగు కింద ఉన్న కుళాయి తిప్పి పట్టిన యూరిన్ పంపిస్తారు. పోర్టు (ట్యూబు మీద శాంపిల్ తీసే చోటు) కింద ట్యూబును కాసేపు క్లాంప్ చేసి, పోర్టును స్పిరిట్‌తో తుడిచి, సిరంజితో లాగాలి. రెండు గంటల్లో లాబ్‌కి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉండాలి. ఫోలీ కొసను కత్తిరించి కల్చర్‌కి పంపే అలవాటు ఇంకా పోలేదు. దాన్ని లాబ్ తిప్పి పంపాలి, ఎందుకు తిప్పి పంపిందో వార్డుకి వెళ్లి చెప్పే పని శిక్షణలో ఉన్న సిస్టర్‌ది. తొలి గొడవలు అక్కడే మొదలవుతాయి, అది మంచిదే.

ఇప్పుడు లెక్క. శిక్షణలో ఎక్కువ కాలం పట్టేది ఇదే, పట్టాల్సిందీ ఇదే. అమెరికా సీడీసీ వాళ్ల ఎన్‌హెచ్‌ఎస్‌ఎన్ (ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల లెక్క చూసే వ్యవస్థ) నిర్వచనాలనే మేం వాడతాం. ఉదాహరణకు కాటీ, అంటే ఫోలీ వల్ల వచ్చే మూత్రనాళ ఇన్ఫెక్షన్. సోమవారం ఫోలీ వేశారు, మంగళవారం జ్వరం వచ్చింది, కల్చర్‌లో ఈ కోలై అనే బ్యాక్టీరియా లక్ష కాలనీలు. కాటీ అవుతుందా? కాదు. వేసిన రోజును ఒకటిగా లెక్కిస్తే మంగళవారం రెండో రోజే. రెండు రోజులు దాటాలి, అంటే మూడో రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. ఇంకొకటి: జ్వరం ఉంది, కల్చర్‌లో క్యాండిడా లక్ష కాలనీలు. అదీ కాటీ కాదు, 2015 నుంచి ఫంగస్‌ని ఆ లెక్కలోంచి తీసేశారు. మూడు రకాల క్రిములు పెరిగితే అదీ లెక్కలోకి రాదు, శాంపిల్ పాడైనట్టు.

‘డాక్టర్ గారు యాంటీబయోటిక్ మొదలుపెట్టారు కదా మేడమ్, అంటే ఇన్ఫెక్షనే కదా’ అని ప్రతి కొత్త సిస్టరూ అడుగుతుంది. అడగాలి కూడా. పేషెంటుకు మందు రాయడానికి డాక్టర్ చూసేది వేరు, ఏడాది పొడవునా ఒకే కొలబద్దతో కొలవడానికి ఐసీఎన్ చూసేది వేరు. వెంటిలేటర్ విషయంలో ఇది బాగా అర్థమవుతుంది. 2013లో వచ్చిన వీఏఈ (వెంటిలేటర్ మీద ఉండగా పరిస్థితి దిగజారడం) నిర్వచనంలో మొదటి మెట్టుకు ఎక్స్‌రే అక్కర్లేదు, ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు. రెండు రోజులు నిలకడగా ఉన్నాక, రోజువారీ కనిష్ఠ పీప్ (ఊపిరి వదిలాక వెంటిలేటర్ నిలిపి ఉంచే ఒత్తిడి) 3 పెరిగి గానీ, ఆక్సిజన్ శాతం 20 పాయింట్లు పెరిగి గానీ రెండు రోజులు అలాగే ఉందా అని చార్టు చూస్తే చాలు.

సెంట్రల్ లైన్ ఉన్న పేషెంటుకు రక్తంలో ఇన్ఫెక్షన్ అయితే, అది లైన్ వల్ల వచ్చిందా (దాన్నే క్లాబ్సీ అంటారు), వేరే చోటి నుంచి వచ్చిందా అన్నది తేల్చాలి. కడుపులో చీము, అందులో క్లెబ్సియెల్లా, రక్తంలోనూ అదే. తేదీలు కూడా నిర్వచనంలోని గడువుకు సరిపోతే లైన్‌ని తప్పు పట్టలేం. చర్మం మీద మామూలుగా ఉండే క్రిమి అయితే వేర్వేరుసార్లు తీసిన రెండు కల్చర్లలో రావాలి, పైగా జ్వరమో చలో బీపీ పడిపోవడమో ఉండాలి.

దీనికి మేం చేయించేది చాలా మొరటు కసరత్తు. డిశ్చార్జ్ అయిన పేషెంట్ల కేస్ షీట్లు 20 తీసి, పేర్లు కప్పి, కొత్త సిస్టర్‌కి, పాత ఐసీఎన్‌కి విడివిడిగా ఇస్తాం. ఇద్దరూ తేదీతో సహా రాస్తారు. తేడా వచ్చిన షీట్లను పక్కపక్కన పెట్టి, నిర్వచనంలో ఆ వాక్యం పైకి చదువుతారు. తేడా ఎక్కువగా వచ్చేది ‘ఇన్ఫెక్షనా కాదా’ అన్నచోట కాదు, ‘ఏ తేదీన’ అన్నచోట. తేదీ ఒక్క రోజు అటూ ఇటూ అయితే ఇన్ఫెక్షన్ వేరే వార్డు ఖాతాలో పడుతుంది. అక్కడి ఇన్‌చార్జ్ సిస్టర్ ఊరుకోదు. కొన్నిసార్లు పాత ఐసీఎనే తప్పని తేలుతుంది. అప్పుడు పాత నెల లెక్క కూడా సరిచేస్తాం.

పైన లవం సరే, కింద హారం? రేటు అంటే వెయ్యి లైన్ రోజులకు ఎన్ని ఇన్ఫెక్షన్లు అని. ఒక పేషెంటుకు లైన్ ఉన్న ఒక్కో రోజు ఒక లైన్ రోజు. నెలలో 400 లైన్ రోజులు, 2 ఇన్ఫెక్షన్లు ఉంటే రేటు 5. లైన్ రోజులు రోజూ ఒకే సమయానికి లెక్కపెట్టాలి. ఒక పేషెంటుకు రెండు సెంట్రల్ లైన్లున్నా ఆ రోజుకు ఒకటే. దీన్ని ఐసీయూలో నైట్ సిస్టర్ రాస్తుంది. రాయకపోతే నెలాఖరున అందరి బదులు ఒకరు కూర్చుని నింపుతారు. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ముప్పై రోజులూ 14, 14, 14. ఆ కాగితం చూడగానే తెలిసిపోవాలి. బెడ్ చార్టుతో, ఫార్మసీలో ఇచ్చిన లైన్ కిట్లతో సరిపోల్చడం నేర్పుతాం. హారాన్ని పెంచితే రేటు దానంతట అదే తగ్గుతుంది, మీటింగులో చప్పట్లు కూడా పడతాయి.

ఆపరేషన్ గాయం లెక్క ఈ ఊళ్లో ప్రత్యేకంగా కష్టం. మామూలు ఆపరేషన్లకు 30 రోజులు, మోకాలు, తుంటి మార్పిడికి, గుండె బైపాస్‌కి 90 రోజులు చూడాలి. పేషెంటు కరీంనగర్ నుంచో కర్నూలు నుంచో వస్తారు. కుట్లు ఊళ్లోనే విప్పించుకుంటారు, చీము పడితే పక్క టౌన్‌లో చూపించుకుంటారు. మన రికార్డులో మాత్రం సున్నా. అందుకే ఫోన్ చేయడం శిక్షణలో ఒక భాగం. ‘బాగున్నారా, ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందా’ అంటే ‘మంచిగనే ఉన్నం’ అనే వస్తుంది. ‘కుట్ల కాడ చీము గానీ నీళ్లు గానీ కారినయా? డాక్టర్ మళ్లీ కుట్లు విప్పిండా? బిళ్లలు, సూదులు ఏమన్న కొత్తగా రాసిండా?’ అని విడివిడిగా అడగాలి. అనుమానం ఉంటే గాయం ఫోటో వాట్సాప్‌లో పంపమనాలి. డిశ్చార్జ్ రోజునే రెండు నంబర్లు తీసుకోవాలి, ఒకటి తప్పకుండా కలవదు.

హ్యాండ్ హైజీన్ పరిశీలనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి తేలికగానే ఉంటుంది: ఇరవై నిమిషాల సెషన్, ఒకేసారి ముగ్గురిని మించి చూడకూడదు, ఎన్ని అవకాశాలకు ఎన్నిసార్లు చేశారన్నది శాతం. చేయించేటప్పుడు తెలుస్తుంది. ప్యాడ్ పట్టుకుని నర్సింగ్ స్టేషన్ ముందు నిలబడితే డాక్టర్లు, సిస్టర్లు అందరూ చేతులు రుద్దుకుంటారు. గ్లౌజులు తొడుక్కుంటే అయిపోయినట్టు టిక్ పెట్టేస్తారు, అది తప్పు. పేషెంటును ముట్టుకోకుండా మంచం రైలింగో, ఇన్ఫ్యూజన్ పంపో ముట్టుకుని వెళ్లినా చేతులు శుభ్రం చేసుకోవాలన్న ఐదో సందర్భం చాలామందికి కనపడదు. ఇద్దరు ఒకే సెషన్ చూసి తర్వాత కాగితాలు సరిపోల్చుకుంటారు.

అన్నిటికన్నా మంచి తనిఖీ స్టోర్స్ రిజిస్టర్. నెలకు 3000 పేషెంట్ రోజులున్న ఆసుపత్రిలో, వెయ్యికి 20 లీటర్లన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ గీటురాయి ప్రకారం 60 లీటర్ల హ్యాండ్ రబ్ అవ్వాలి. స్టోర్స్ ఇచ్చింది 25 లీటర్లు, పరిశీలన షీటులో 92 శాతం. సబ్బు వాడకం కొంత తేడా తెస్తుంది గానీ ఇంత తేడా తేదు. జులై నుంచి అక్టోబరు దాకా డెంగీ సీజన్‌లో వార్డులు నిండి, మంచాల మధ్య జాగా తగ్గినప్పుడు నిజమైన శాతం పడిపోవాలి. పడలేదంటే చూసినవాళ్లను మార్చాలి.

హౌస్‌కీపింగ్‌కి నేర్పడం ఐసీఎన్ పనిలో సగం. దాన్ని ఆడిటోరియంలో స్లైడ్లతో నేర్పలేం. శిక్షణలో ఉన్న సిస్టర్‌ని పొద్దున షిఫ్ట్ మొదట్లో సామాన్ల గదికి పంపుతాం. అక్కడ జరిగే మాటలు ఇలా ఉంటాయి.

‘అక్కా, ఈ హైపో ఎప్పుడు కలిపిన్రు?’

‘పొద్దుగాలనే కలిపిన సిస్టర్.’

‘ఎంత పోసిన్రు?’

‘అంచనాకు పోస్త. వాసన రాకుంటె ఇంకింత పోస్త.’

తిట్టి లాభం లేదు. హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్, క్యాన్లు 4, 5, 10 శాతం ఇలా రకరకాలుగా వస్తాయి. సప్లయర్ మారిన నెల అదే మగ్గుతో అదే కొలత పోస్తే ద్రావణం సగానికో రెట్టింపుకో మారిపోతుంది. 1 శాతం కావాలంటే 5 శాతం క్యాన్ నుంచి 200 మిల్లీలీటర్లు, నీళ్లు 800. 10 శాతం అయితే 100, నీళ్లు 900. 4 శాతం అయితే 250, నీళ్లు 750. మగ్గు మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయించి, క్యాన్ మారిన రోజు ఆ గీతను మార్చడం ఐసీఎన్ పని. బాటిల్ మీద కలిపిన టైమ్ రాయాలి, ఆ రోజుకే వాడాలి. క్యాన్లను టెర్రస్ మీది రేకుల గదిలో పెడితే ఏప్రిల్, మే ఎండలకు క్లోరిన్ ఎగిరిపోతుంది. క్యాన్ మీద 5 అని ఉన్నా లోపల ఎంతుందో క్లోరిన్ స్ట్రిప్‌తో చూస్తేనే తెలుస్తుంది. బాత్రూం యాసిడ్‌తో హైపో కలిపితే వచ్చే గ్యాస్ ప్రమాదాన్ని మాత్రం ప్రతి నెలా చెప్పాలి, ఏజెన్సీ మనుషులు మారుతూనే ఉంటారు కాబట్టి.

రక్తం ఒలికినప్పుడు ఏం చేయాలో బీట్‌రూట్ రసంతో డ్రిల్ చేయిస్తాం. గ్లౌజులు, గాజు ముక్కలుంటే ఫోర్సెప్స్‌తో ఏరడం, పైన టిష్యూ పరచడం, 1 శాతం హైపో పోయడం, కనీసం పది నిమిషాలు ఆగడం, తుడిచినవి పసుపు సంచిలో వేయడం. ఆ పది నిమిషాలు ఎవరూ ఆగరు. గడియారం చూపించి ఆపాలి. క్లీనింగ్ తనిఖీకి అతినీలలోహిత కాంతిలో మెరిసే జెల్ చుక్క మంచం రైలింగ్ కింద, కాల్ బెల్ మీద, ఐవీ స్టాండ్ పిడి మీద పెట్టి, మర్నాడు టార్చ్‌తో చూస్తాం. నేల అద్దంలా ఉంటుంది, చుక్క ఉన్నచోటే ఉంటుంది.

వ్యర్థాల సంగతి 2016 నియమాల్లో స్పష్టంగానే ఉంది. రక్తం అంటిన దూది పసుపులో, ఐవీ సెట్లు, గ్లౌజులు ఎరుపులో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు వయల్స్ నీలంలో, 48 గంటలు దాటకుండా పంపేయాలి, అందరికీ చేరినప్పుడు ఒకసారి, తర్వాత ఏటా శిక్షణ ఇచ్చి రికార్డు పెట్టాలి. సూది గుచ్చుకున్నవాళ్ల విషయంలో నేర్పేదీ చిన్నదే: పిండకూడదు, సబ్బు నీళ్లతో కడగాలి, హెచ్‌ఐవీ మందు వీలైతే రెండు గంటల్లో, 72 గంటలు దాటకుండా మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బీ టీకా వేయించుకుంటే సరిపోదు, టైటర్ (రక్తంలో యాంటీబాడీల స్థాయి) 10 దాటిందో లేదో ముందే చూసి ఉంచాలి.

పరికరాలను స్టెరైల్ చేసే విభాగమైన సీఎస్‌ఎస్‌డీలో కొన్నాళ్లు ఉంచకపోతే ఐసీఎన్‌ని ఎవరైనా బురిడీ కొట్టిస్తారు. ప్యాక్ మీది టేపు గీతలు నల్లబడితే ఆవిరి తగిలిందని మాత్రమే అర్థం, స్టెరైల్ అయిందని కాదు. రోజూ మొదటి లోడ్‌కు ముందు ఆటోక్లేవ్ ఖాళీ చాంబర్‌లో బోవీ డిక్ టెస్టు పెట్టాలి, 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు. షీటు మధ్యలో రంగు మారకపోతే గాలి పూర్తిగా బయటికి పోలేదన్నమాట. తలుపు గాస్కెట్‌నో, వాక్యూమ్ పంపునో చూపించాలి. ఇంప్లాంట్ ఉన్న ప్రతి లోడ్‌కూ బయలాజికల్ ఇండికేటర్ (క్రిములు నిజంగా చచ్చాయో లేదో చూపేది) ఉండాలి. ప్రింటవుట్ చదవడం వచ్చాకే అక్కడ సంతకం పెట్టిస్తాం.

ఆపరేషన్ థియేటర్ గోడలకు, ఫ్యాన్లకు, ఏసీ గ్రిల్‌కు నెలనెలా స్వాబ్‌లు తీయమని, ఫార్మలిన్ పొగ పెట్టమని ఇప్పటికీ అడుగుతారు. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. గోడ మీది స్వాబ్‌లో ఏది పెరిగినా దానికి ఒక అర్థమంటూ ఉండదు. ఆ డబ్బుతో రెండు పీపాల హ్యాండ్ రబ్ వస్తుంది. ఒకే ఐసీయూలో వారంలో ముగ్గురికి ఒకే రకం రెసిస్టెంట్ క్లెబ్సియెల్లా వచ్చినప్పుడు కూడా ముందు స్వాబ్ కాదు, లైన్ లిస్టు: ఎవరు, ఏ బెడ్డు, ఏ తేదీ, ఏ ప్రొసీజర్, ఏ నెబ్యులైజర్. గ్రాఫ్ పేపర్ మీద ముగ్గురి రోజులూ గీస్తే కలిసే చోటు చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. అక్కడ తీసే స్వాబ్‌కు అర్థముంటుంది.

చివరికి నేర్పడానికి అన్నిటికన్నా కష్టమైనది సీనియర్ సర్జన్‌తో మాట్లాడటం. ‘ఫోలీ ఎక్కువ రోజులు ఉంచకూడదు సార్’ అంటే ‘నాకు తెలీదా’ అంటారు. ‘సార్, ఆరో బెడ్డు ఫోలీకి నాలుగో రోజు. ఇవాళ తీసేయమంటారా?’ అంటే చాలాసార్లు ‘తీసేయండి’ అనే వస్తుంది. పేషెంటు, రోజు, అడిగేది, అంతే. సెంట్రల్ లైన్ వేసేటప్పుడు పేషెంటు మీద కప్పే స్టెరైల్ డ్రేప్ చిన్నదైతే ఆపమనే అధికారం సిస్టర్‌కి ఉండాలి. లైన్ ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి అమెరికాలోని మిషిగన్ ఐసీయూల్లో చేసి 2006లో ప్రచురించిన పనిలో చెక్‌లిస్టుతో పాటు ఆ అధికారం కూడా ఉంది, మనవాళ్లు చెక్‌లిస్టు మాత్రం తెచ్చుకున్నారు. మెడికల్ సూపరింటెండెంట్ సంతకంతో ఒక కాగితం ముందే వార్డులో ఉండకపోతే ఏ సిస్టర్ కూడా నోరు విప్పదు, విప్పమనడమూ న్యాయం కాదు.

సంతకాల పుస్తకంలో ప్రతి పనికీ మూడు గడులు: చూసింది, తోడుండగా చేసింది, ఒంటరిగా చేసింది. మూడో గడి నిండితేనే ఆ పని వచ్చినట్టు. అన్నీ నిండడానికి సుమారు ఏడాది. ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకూ పది కొత్త కేస్ షీట్లు మళ్లీ ఇస్తాం, ఎందుకంటే నిర్వచనాలు ఏటా జనవరిలో కొద్దికొద్దిగా మారుతుంటాయి, పాత అలవాటు మారదు. ఇంకో సంగతి: ఐసీఎన్ ఎవరికి రిపోర్టు చేయాలన్నది నియామకం రోజే కాగితం మీద తేల్చుకోండి. నర్సింగ్ సూపరింటెండెంట్ కింద పెడితే వార్డులో కొరత వచ్చిన ప్రతిసారీ యూనిఫాం వేసుకుని ఇంజెక్షన్ ట్రాలీ దగ్గర కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఆఫీసర్ ద్వారా మెడికల్ సూపరింటెండెంట్ కింద పెడితే, కనీసం ఆమెను లాగేసేవాళ్లు ముందు ఒక ఫోన్ చేయాల్సి వస్తుంది.